పరువు పక్కన పెట్టించిన కుంచె

మెల్‌బోర్న్ సైట్లలో పనిచేసే మాకు జార్జియానా మెక్రే పేరు తెలిసింది ఆమె ప్లాన్ గీసిన ఇంటి వల్ల. కానీ ఆమె అసలు విద్య వేరు. కెమెరా రాని రోజుల్లో పలుచని ఏనుగు దంతపు బిళ్ల మీద, అరచేతిలో ఇమిడేంత ముఖచిత్రాలు వేసేవారు. దూరదేశం వెళ్లేవాళ్లు అయినవాళ్ల గుర్తుగా వాటిని వెంట తీసుకెళ్లేవారు. ఈరోజు మనం ఫోన్‌లో పిల్లల ఫోటో పెట్టుకున్నట్టే. ఆ పనిలో ఆమె దిట్ట.

జార్జియానా 1804లో లండన్‌లో పుట్టారు. తండ్రి స్కాట్లాండ్‌లో పెద్ద జమీందారు, తర్వాత గార్డన్ డ్యూక్ అయ్యారు. తల్లిని మాత్రం ఆయన పెళ్లాడలేదు. జాన్ వార్లీ, చార్లెస్ హేటర్ లాంటి పేరున్న చిత్రకారుల దగ్గర చిన్నతనంలోనే బొమ్మలు నేర్చుకున్న ఆమె, పెళ్లికి ముందు ఎడిన్‌బరోలో ముఖచిత్రాలు వేసి సొంతంగా సంపాదించారు.

1830లో లాయర్ ఆండ్రూ మెక్రేతో పెళ్లయింది. భర్త ముందుగా ఆస్ట్రేలియా వచ్చేశారు. నలుగురు కొడుకులను వెంటబెట్టుకుని ఆమె 1841 మార్చిలో ఓడ దిగారు. అప్పటికి మెల్‌బోర్న్ ఆరేళ్ల ఊరు. కొద్దికాలానికే వ్యాపారాలు దెబ్బతిని ఇంట్లో డబ్బుకు కటకట వచ్చింది. ఆమె కుంచె పడితే నాలుగు డబ్బులు వచ్చేవి. కానీ డబ్బు తీసుకుని బొమ్మలు వేస్తే పరువు పోతుందని భర్త, అత్తింటివారు ఒప్పుకోలేదు.

1845లో ఊరికి దూరంగా, ఆర్థర్స్ సీట్ కొండ కింద సముద్రం దగ్గరికి కాపురం మారింది. అక్కడి ఇల్లు మొద్దు చెక్కల గోడలది, ప్లాన్ ఆమెదే. నేషనల్ ట్రస్ట్ చేతికి వచ్చిన ఆ ఇల్లు నేటికీ నిలిచి ఉంది. ఆ నేల అసలు హక్కుదారులైన బూన్‌వురుంగ్ జనంతో ఆమె కలిసిమెలిసి ఉండి, వాళ్ల బొమ్మలూ గీశారు. 1851లో ఆ చోటూ వదలాల్సి వచ్చింది. తండ్రి ఆస్తిలో వస్తుందనుకున్న వాటా చివరికీ రాలేదు. 1890లో మెల్‌బోర్న్‌లోనే కన్నుమూశారు.

కొడుకు జార్జ్, మనవడు హ్యూ కవులయ్యారు. ఆమె డైరీని 1934లో పుస్తకంగా తెచ్చింది ఆ మనవడే. తొలినాళ్ల మెల్‌బోర్న్ ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే ఇప్పటికీ అదొక ముఖ్యమైన ఆధారం.

భర్త వీసా మీద వచ్చి, చదివిన చదువును, తెలిసిన పనిని మూలన పెట్టిన ఆడవాళ్లు మన ఇళ్లలోనూ ఉన్నారు. వాళ్లు ఏదైనా చేస్తామంటే వద్దనేముందు మనం ఒక్కసారి ఆగి ఆలోచించాలి. పరువు వల్ల జార్జియానా ఇంట్లో ఒక్క అప్పూ తీరలేదు.