నెల్లూరు వైద్యుడు జెర్డన్

బీగిల్ నౌక కథ మన పాఠశాలలలోని పెద్ద తరగతుల విద్యార్థులకు క్రొత్తది కాదు. 1831 డిసెంబరు 27వ తేదీన ఇంగ్లండు తీరమును విడిచిన ఆ నౌకలో చార్లెస్ డార్విన్ అను యువకుడుండెను. 1835లో గాలపగోస్ దీవులలో అతడు కొన్ని చిన్న పక్షులను కొట్టి, చర్మములొలిచి భద్రపరచెను. కాని ఏ పక్షి ఏ దీవిలో దొరికినదో చాలవరకు చీటీలపై వ్రాయలేదు. 1837లో లండను నగరమున జాన్ గౌల్డ్ అను పక్షిశాస్త్రజ్ఞుడు వానిని పరీక్షించి, అవి వేర్వేరు జాతులని తేల్చిన పిదప గాని ఆ లోపమెంతటిదో డార్విన్‌కు తెలియలేదు. అప్పుడతడు నౌకాధిపతి ఫిట్జ్‌రాయ్ మొదలగు తోడివారు సేకరించిన పక్షులను చూచి, దీవుల పేర్లను సరిచూచుకొనవలసి వచ్చెను.

ఆ నౌక తిరుగు ప్రయాణములో ఆస్ట్రేలియా ప్రాంతమున ఉన్న దినములలోనే, 1836 ఫిబ్రవరిలో, ఇరువది నాలుగేండ్ల వైద్యుడొకడు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగియై మన దేశమున దిగెను. అతడే థామస్ కావర్‌హిల్ జెర్డన్. డార్విన్ పేరెరుగనివారు అరుదు. జెర్డన్ పేరు పక్షిశాస్త్రమెరిగిన వారికి సుపరిచితమే గాని, అతడు తిరిగిన నేలపైనే పుట్టి పెరిగిన మనలో అనేకులు దానిని వినియుండరు.

జెర్డన్ 1811 అక్టోబరు 12వ తేదీన ఇంగ్లండులోని డర్హాము ప్రాంతమున జన్మించెను. తండ్రి స్కాట్లండు దేశీయుడు. ఎడింబరో విశ్వవిద్యాలయములో ఇతడు ప్రకృతిశాస్త్రోపన్యాసములు వినిన గురువు రాబర్ట్ జేమ్సన్. అంతకు కొలది కాలము క్రిందటనే డార్విన్ కూడ ఆ గురువు ఉపన్యాసములనే విని, విసుగు చెంది, ఆ నగరము విడిచి వెళ్లియుండెను. విద్యార్థులు నడుపుకొను ప్లీనియన్ సంఘములో డార్విన్ వలెనే జెర్డన్ కూడ సభ్యుడయ్యెను. ఒకరికి విసుగు పుట్టించిన పాఠమే మరియొకరికి జీవితవ్యసనమగుట ఉపాధ్యాయులెరుగని విషయము కాదు.

జెర్డన్‌కు మొదటి ఉద్యోగము గంజాము సీమలో దొరకెను. అక్కడి సైనికులు జ్వరములతోను, జిగట విరేచనములతోను బాధపడుచుండిరి. వారికి వైద్యము చేయగా మిగిలిన వేళలలో అతడు తూర్పు కనుమలలోని పక్షులను సేకరింప నారంభించెను. ఆ పని వినుటకు సులభము, చేయుట కష్టము. పక్షిని కొట్టిన వెంటనే, ఎండకు చెడిపోకమునుపే చర్మము ఒలువవలెను. ఈకలు చెదరరాదు. లోపలి వైపున పాషాణము కలిపిన సబ్బు పూసి, దూదితో నింపి, ఆరబెట్టి, చీటీ కట్టవలెను. ఇంత చేసినను పురుగు వదలదు. సూయజ్ కాలువ 1869లో గాని తెరువబడలేదు గనుక, ఆనాటి నౌకలు ఆఫ్రికాఖండమును చుట్టి, నెలల తరబడి సముద్రముపై నడిచి ఇంగ్లండు చేరవలసియుండెను.

జెర్డన్ తన పక్షులకు సరియైన పేర్లు నిర్ణయింపుమని కోరి, స్కాట్లండులోని ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు విలియం జార్డైన్‌కు వానిని పంపెను. పెట్టెలు చేరినవి గాని, విప్పి చూడగా చర్మములకు చిమ్మటలు పట్టియుండెను. ఎంతో శ్రమపడి కూర్చిన సేకరణము ఈ విధముగా చెడిపోయెను.

అతని జీవితములో మలుపు ఇదియే యని నా అభిప్రాయము. ఇకమీదట సీమలోని పండితుల తీర్పుకై ఎదురుచూడక, తన కన్నును తానే నమ్ముకొనవలెనని అతడు నిశ్చయించుకొనెను. 1839, 40 సంవత్సరములలో దక్షిణాపథమునందలి పక్షుల పట్టిక అతని పేర వెలువడెను. అది ప్రకటింపబడినది లండనులో కాదు, మద్రాసు సాహిత్య విజ్ఞాన పత్రికలో. డార్విన్‌కు గౌల్డ్ వంటి నిపుణుడు చేరువలోనే లభించెను. జెర్డన్‌కు పుస్తకములు స్వల్పము, పోల్చి చూచుటకు నమూనాలు ఇంకను స్వల్పము. అట్టి స్థితిలో అతడు పక్షి అరుపును, నడకను, మేతను, గూటిని గమనించి వ్రాసెను. చర్మములను మాత్రమే చూచిన సీమ పండితులకు ఈ భాగ్యము లేకపోయెను.

తిరుచినాపల్లి, జాల్నా మొదలగు సైనిక స్థావరములలో పనిచేసి, నీలగిరులలో వివాహమాడి, పిదప అతడు నెల్లూరునకు వైద్యాధికారిగా వచ్చెను. నెల్లూరు నివాసమతనికి ఒక విద్యాపీఠమయ్యెను. అక్కడి గురువులు యానాదులు. పొదలలో, వాగులలో, కోనలలో ఏ ప్రాణి ఎప్పుడు తిరుగునో వారికి తెలిసినట్లు మరెవ్వరికిని తెలియదు. జెర్డన్ వారినడిగి తెలిసికొనెను. వారు చెప్పిన పేర్లను తన గ్రంథములకెక్కించెను. శాస్త్రనామము ప్రక్కనే తెలుగు పేరు, కొన్నియెడల అది యానాదులు వాడు పేరను సూచనయు అందు కానవచ్చును. ఆ పేర్లు ఆంగ్లాక్షరములలో ఉండుటచే మన నాలుకకు వెంటనే పట్టుబడవు. తెలుగు ఎం.ఏ. విద్యార్థి ఎవరైన వానిని మన లిపిలోనికి తెచ్చి నిఘంటువులతో సరిచూచినచో మంచి పరిశోధన కాగలదు.

ఇంత మేలు పొందియు జెర్డన్ యానాదులను జాతి పేరనే స్మరించెను. పొదలోనికి దూరి ఫలానా పక్షిని పట్టి తెచ్చిన మనుష్యుని పేరు మనకు దక్కలేదు. చిత్రకారుల విషయమున మాత్రము కొంత నయము. 1843 మొదలు 1847 వరకు మద్రాసులో వెలువడిన అతని సచిత్ర గ్రంథములో ఏబది పక్షుల బొమ్మలున్నవి. వానిని వ్రాయుటలో భారతీయ చిత్రకారుల చేయి కలదు. రాతి అచ్చు పనిలో సి.వి. కృష్ణరాజు అను పేరు నేటికిని చదువనగును.

నెల్లూరు, కడప సీమల నడుమ రాతినేలలోని ముండ్లపొదల మధ్య జెర్డన్‌కు ఒక చిన్న పక్షి దొరకెను. పొడవైన కాళ్లు, పెద్ద కన్నులు, రొమ్ముపై రెండు పట్టీలు దాని గురుతులు. కలకత్తాలో ఆసియాటిక్ సొసైటీ ప్రదర్శనశాలను చూచుకొనుచున్న ఎడ్వర్డ్ బ్లైత్ 1848లో దానిని లోకమునకు క్రొత్త జాతిగా ప్రకటించెను. ఈ బ్లైత్ తరువాతి కాలమున డార్విన్‌తో ఉత్తరప్రత్యుత్తరములు నడపినవాడే. ఇంగ్లీషులో ఆ పక్షికి జెర్డన్ పేరే స్థిరపడెను. మనవారి నోట అది కలివికోడి. కలివి పొదలలో తిరుగునది గనుక ఆ పేరు.

తరువాతి చరిత్రను క్లుప్తముగా చెప్పవచ్చును. జెర్డన్ తలచేరిలోను, ఉత్తరాదిని సాగరులోను పనిచేసెను. 1851లో దక్షిణదేశపు చీమలపై పట్టిక ప్రకటించెను. గవర్నరు జనరల్ కానింగ్ అతనికి ప్రత్యేక సదుపాయము కల్పింపగా, 1862 మొదలు 1864 వరకు భారతదేశ పక్షులపై మహాగ్రంథము వెలువడెను. అందు వేయికి పైగా జాతుల వర్ణన కలదు. 1867లో క్షీరదములపై గ్రంథము వచ్చెను. 1868లో ఉద్యోగ విరమణ చేసి, 1870లో స్వదేశము చేరి, 1872 జూన్ 12వ తేదీన లండను సమీపమున మరణించెను. తరువాత కాంగ్రెసు స్థాపకులలో ఒకడైన హ్యూమ్, పక్షిశాస్త్రమునకై ఒక పత్రికను ఆరంభించినది కూడ ఆ సంవత్సరముననే.

కలివికోడి కథ మాత్రము జెర్డన్‌తో ముగియలేదు. గోదావరి లోయలో సిరోంచ, భద్రాచలము ప్రాంతములందు బ్లాన్‌ఫర్డ్ దానిని చూచెను. మన వరంగల్లునకు అది దూరదేశము కాదు. 1900లో అనంతపురము దాపున ఒకమారు కానవచ్చినది. ఆ తరువాత శాస్త్రజ్ఞుల కంటబడలేదు. ఎందరో పగటివేళ వెదకి, జాతి నశించినదని తలచిరి. 1986 జనవరిలో బొంబాయి ప్రకృతిశాస్త్ర సంఘమునకు చెందిన భరత్ భూషణ్ కడప జిల్లా రెడ్డిపల్లి ప్రాంతమున విచారించుచుండగా, స్థానికుడైన వేటగాడొకడు రాత్రివేళ దీపపు వెలుగులో ఆ పక్షిని సజీవముగా పట్టి తెచ్చెను. అది రాత్రి తిరుగు పక్షి. శాస్త్రమునకు ఎనుబదియారేండ్లు కనబడని పక్షి వేటగానికి తెలిసినదే. ఆ పక్షి బ్రతుకలేదు. దాని చర్మము బొంబాయి సంఘమువారి సేకరణలో చేరెను. 1988లో అక్కడ శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యమేర్పడెను.

దాని గ్రుడ్డును మాత్రము శాస్త్రజ్ఞులెవ్వరును గుర్తించి యుండలేదు. స్కాట్లండులోని అబర్డీన్ విశ్వవిద్యాలయ ప్రదర్శనశాలలో ఒక గ్రుడ్డు బయటపడినట్లు 2013లో ప్రకటన వెలువడెను. 1917లో కోలారు బంగారుగనులలో పనిచేసిన పశువైద్యుడొకడు దానిని సేకరించెను. జన్యుపరీక్షలో అది కలివికోడిదే యని తేలినది. అబర్డీన్ చేరకమునుపు ఆ గ్రుడ్డు ఉండినది జెర్డన్ చదువుకొనిన ఎడింబరోలోనే, ఒక పాఠశాలలో.