అక్క మాత్రల్లో సుబ్బారావు

అక్కకి మూడో నెల. అశోక్‌నగర్ నుంచి చిక్కడపల్లికి నడిచి మందులు తేవడం నా డ్యూటీ. కాఫీలోకి షుగర్‌ఫ్రీ కూడా తెమ్మంది, డాక్టరుని అడిగాక చూద్దామన్నా. చీటీలో మొదటి పేరు ఫోలిక్ యాసిడ్. షాపతను స్ట్రిప్ కత్తిరిస్తుంటే యల్లాప్రగడ సుబ్బారావు గుర్తొచ్చాడు.

1895లో భీమవరంలో పుట్టాడు. మెట్రిక్ మూడోసారికి గట్టెక్కాడు (బ్యాక్‌లాగ్ మిత్రులు గమనించగలరు). మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు ప్రొఫెసరుకి కోపమొచ్చి, ఎంబీబీఎస్‌కి బదులు ఎల్ఎంఎస్ చేతికొచ్చింది. స్ప్రూ జబ్బు ఇద్దరు అన్నదమ్ముల్ని తీసుకుపోయింది.

తర్వాత బోస్టన్ చేరాడు. హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టినా పర్మనెంట్ ఉద్యోగం రాలేదు. 1940లో లెడర్లీకి మారాడు. బొంబాయి మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనత ఈస్ట్ సారంతో తగ్గుతుందని లూసీ విల్స్ అప్పటికే చూపించింది. అందులో పనిచేసేది ఫోలిక్ యాసిడ్. 1945లో సుబ్బారావు బృందం దాన్ని ల్యాబ్‌లో తయారుచేసింది. స్ప్రూకీ అదే మందైంది, అన్నదమ్ములు పోయిన పాతికేళ్లకి.

గర్భం నిలిచిన నాలుగు వారాల్లోనే బిడ్డ వెన్నుపాము గొట్టం మూసుకోవాలి. అందుకే ముందు నుంచీ రోజుకి 400 మైక్రోగ్రాములు వేసుకోమంటారు. అదే బృందం తయారుచేసిన మెథోట్రెక్సేట్ ఫోలిక్‌కి అడ్డుపడి క్యాన్సర్‌ని ఆపుతుంది, గర్భిణులు మాత్రం దాన్ని ముట్టుకోకూడదు.

1948లో న్యూయార్క్‌లో, 53 ఏళ్లకే పోయాడు. భార్య శేషగిరిని మళ్లీ చూడనేలేదు.

ఇదంతా చెప్తే అక్క మాత్ర మింగి, కాఫీ చేదుగా ఉందని నన్నే తిట్టింది.