రోగి మంచం దాకా వెలుతురు తెచ్చిన సుల్తాన్ ఖలావూన్

ఎండలు మండే ఊళ్లలో ఆసుపత్రి కట్టడం అంత సులువు కాదు. కిటికీలు పెద్దవి పెడితే వెలుతురుతో పాటు వేడి కూడా లోపలికొస్తుంది. చిన్నవి పెడితే పట్టపగలే వార్డులో దీపం వెలిగించాలి. ఈ చిక్కుకు 700 ఏళ్ల కిందటే జవాబు చూపిన ఆసుపత్రి ఒకటి కైరోలో ఉండేది. దాన్ని కట్టించింది మమ్లూక్ సుల్తాన్ అల్ మన్సూర్ ఖలావూన్.

ఖలావూన్ పుట్టుకతో రాజు కాదు. కిప్చాక్ తుర్కు. బానిసగా అమ్ముడుపోయి ఈజిప్టు చేరారు. వెయ్యి దీనార్లకు కొన్నారు కాబట్టి 'అల్ఫీ' అనే పేరు పడింది. అరబీలో అల్ఫ్ అంటే వెయ్యి. సైన్యంలో ఎదిగి 1279లో సుల్తాన్ అయ్యారు. 1281లో హిమ్స్ దగ్గర మంగోలులను ఓడించారు.

అంతకుముందు, అమీర్‌గా ఉన్న రోజుల్లో, డమాస్కస్‌లో ఆయనకు తీవ్రమైన కడుపునొప్పి వచ్చింది. నూరుద్దీన్ జంగీ కట్టించిన ఆసుపత్రి నుంచి మందులు తెచ్చి నయం చేశారు. కోలుకున్నాక ఆయన స్వయంగా వెళ్లి ఆ ఆసుపత్రి చూశారు. అల్లాహ్ అధికారం ఇస్తే అలాంటిదే కట్టిస్తానని మన్నత్ చేసుకున్నారని చరిత్రకారులు రాశారు.

ఆ మన్నత్ 1284లో తీరింది. ఇందుకోసం పాత ఫాతిమీ మహల్ ఒకటి తీసుకున్నారు. దాని మధ్యలో ఆకాశం కనిపించే పెద్ద ముంగిలి, నాలుగు వైపులా నాలుగు ఈవాన్లు ఉండేవి. ఈవాన్ అంటే మూడు వైపులా గోడలు, పైన కప్పు, ముంగిలి వైపు పూర్తిగా తెరిచి ఉండే గది. ముంగిట్లో పడిన ఎండ గోడల మీద, నేల మీద తగిలి మెత్తని వెలుగుగా లోపలికి వచ్చేది. లోతైన కప్పు నీడ ఇచ్చేది. పారే నీళ్లు గాలిని చల్లబరిచేవి. ఒకప్పుడు రాజకుటుంబం అనుభవించిన ఆ వెలుగులో ఇప్పుడు జ్వరం రోగులు పడుకున్నారు. కంటి జబ్బులకు, గాయాలకు, విరేచనాలకు, ఆడవాళ్లకు వేరే గదులు ఉండేవి. ఖర్చులకు వక్ఫ్ ఆస్తులు రాసిచ్చారు. పేద, ధనిక తేడా లేకుండా వైద్యం ఉచితం. ప్రసిద్ధ హకీం ఇబ్నె నఫీస్ తన ఇల్లు, గ్రంథాలయం ఈ ఆసుపత్రికే రాసిచ్చి వెళ్లారు.

అయితే ఈ మంచి పనికి ఒక మచ్చ కూడా ఉంది. మహల్‌లో ఉంటున్న అయ్యూబీ వంశపు రాకుమారికి మరో మహల్ ఇచ్చి ఖాళీ చేయించారు. పని చూసిన అమీర్ సంజర్ కూలీలను బలవంతంగా తెచ్చారు. దారిన పోయేవాళ్లతో కూడా రాళ్లు మోయించారు. అందుకే అక్కడ నమాజు చదవడానికి కొందరు ఉలమాలు వెనకాడారు. పుణ్యం కోసం కట్టినా సరే, కట్టే తీరు కూడా హలాల్‌గా ఉండాలన్నది వాళ్ల పట్టుదల.

ఖలావూన్ 1290లో కన్నుమూశారు. ఆసుపత్రి పక్కనే ఆయన సమాధి ఉంది. పాత కట్టడం చాలావరకు పోయింది. ఆ చోటే తర్వాత కంటి ఆసుపత్రి వెలిసింది.