నాడీతంతువును పెంచి చూపిన రాస్ హారిసన్

మెదడునుండి కాలివ్రేళ్ళవరకు వ్యాపించియున్న నాడీతంతువులు ఎట్లు పుట్టుచున్నవి? ఈ ప్రశ్న ఒకప్పుడు శాస్త్రవేత్తలను రెండు పక్షములుగా చీల్చినది. ఒక్కొక్క నాడీకణమే తీగవలె సాగి తంతువగునని స్పెయిను పండితుడు కహాల్ వాదించెను. నాడులన్నియు కలిసి ఒకే అఖండమైన వలయని ఇటలీ పండితుడు గోల్జీ వాదించెను. 1906లో నోబెల్ బహుమానమును ఇరువురికిని కలిపి ఇచ్చిరి. అయినను వాదము తీరలేదు. చచ్చిన కణములకు రంగువేసి చూచుటయే ఉభయులకును సాధనము. కోసిన కంకిని చూచి మొలక ఎట్లు లేచెనో చెప్పుట సాధ్యమా?

ఈ చిక్కును విప్పినవాడు రాస్ గ్రాన్విల్ హారిసన్. ఆయన 1870 జనవరి 13న అమెరికాలో, ఫిలడెల్ఫియాలోని జర్మన్‌టౌనులో జన్మించెను. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున 1894లో డాక్టరు పట్టమును, జర్మనీలోని బాన్ నగరమున 1899లో వైద్యపట్టమును పొందెను.

1907లో ఆయన చేసిన ప్రయోగము వినుటకు సులభము, చేయుటకు కష్టము. కప్ప పిండములో, నాడులింకను ఏర్పడకమునుపే, వెన్నుపాము కాబోవు భాగమునుండి చిన్న తునుకను తీసెను. పెద్దకప్ప శరీరమునుండి తీసిన శోషరసపు బొట్టులో దానిని ఉంచెను. పాలు తోడుకొన్నట్లు ఆ రసము గడ్డకట్టి తునుకను పట్టియుంచును. బొట్టుగల పలుచని గాజుబిళ్ళను గుంటపడిన గాజుపలకపై బోర్లించి, అంచులను మైనముతో మూసి, సూక్ష్మదర్శినిలో చూచుచుండెను. సూక్ష్మజీవి యొక్కటి చొరబడినను అంతయు క్రుళ్ళిపోవును. ఆవకాయ జాడీలో తడిచేయి పెట్టనీయని మన గృహిణులకు ఈ జాగ్రత్త చెప్పనక్కరలేదు.

ఆయన కన్నులయెదుటనే కణమునుండి తంతువు వెడలెను. దాని కొన చేయిచాచి తడుముకొనుచున్నట్లు ముందునకు ప్రాకెను. ఒక తంతువు 25 నిమిషములలో సుమారు 20 మైక్రానులు, అనగా మిల్లీమీటరులో ఏబదియవ వంతు, పెరిగెను. కహాల్ పక్షము నిలిచినది. అంతకంటె పెద్ద సంగతి, దేహమునుండి వేరైన కణము దేహము వెలుపలను బ్రతికి పెరుగగలదని తేలుట.

ఆ యేటనే ఆయన యేల్ విశ్వవిద్యాలయమునకు వెడలెను. 1910లో బరోస్ అను యువకుడు ఆయనయొద్ద ఈ పద్ధతిని నేర్చుకొని పోయి, కారెల్‌తో కలిసి దానిని విస్తరింపజేసెను. హారిసన్ మాత్రము పిండములలో అవయవములు రూపొందు తీరును శోధించుటకు మరలెను.

1917లో నోబెల్ సంఘము ఆయన పేరును సూచించెను గాని, యుద్ధకాలమగుటచే ఆ యేడు వైద్యశాస్త్ర బహుమానమే ఇయ్యలేదు. 1933లో మరల పరిశీలించి, పద్ధతి పాతబడినదనియు దాని ప్రయోజనము పరిమితమనియు త్రోసిపుచ్చిరి. ఇంతటి పొరపాటు తీర్పు అరుదు. 1949లో ఎండర్స్, వెల్లర్, రాబిన్స్ అనువారు పాత్రలో పెంచిన కణములయందే పోలియో క్రిమిని వృద్ధిచేసిరి. 1955 నాటి పోలియో టీకా దానినుండి వచ్చినదే. 1959 సెప్టెంబరు 30న కన్నుమూసిన హారిసన్ దానిని చూడగలిగెను.

ఆ 1955లోనే గీమాన్ అను శాస్త్రవేత్త పిట్యూటరీ గ్రంథి కణములను పాత్రలో పెంచెను. కొన్ని దినములకు అవి హార్మోను విడుచుట మానినవి. మెదడు అడుగుభాగమగు హైపోథాలమస్ తునుకను ప్రక్కనుంచగా మరల విడువసాగినవి. మెదడే ఏదో పదార్థమును పంపుచున్నదన్నమాట. అట్టి పదార్థములలో మొదటిదాని నిర్మాణము 1969లో లక్షలకొలది జంతువుల మెదళ్ళనుండి తేలెను. వీనినే న్యూరోపెప్టైడులందురు, ఆకలి, నొప్పి, ఎదుగుదల వీని అదుపున కలవు. నేడు మెదడు కణములను పాత్రలలో పెంచి, అవి విడుచు పెప్టైడులను కొలుచుచున్నారు. ఆ కణములకు పోయు పోషకద్రవములో ఫోలిక్ ఆమ్లమును చేర్చుదురు. దానిని 1945లో కృత్రిమముగా తయారుచేసిన బృందమునకు నాయకుడు, భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావు.