పేరు మార్చి, బడి పెట్టిన భాగ్యరెడ్డి వర్మ

ఇబ్రహీంపట్నం, ఆదిభట్ల వైపు నుంచి పట్నం పోయేవారు దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట దాటి ఛాదర్‌ఘాట్ వంతెన మీదుగా కోఠి చేరుకుంటారు. ఆ కోఠి పక్కనే ఇసామియా బజారు. ఆస్పత్రికని, సామాన్లకని మనవాళ్లెందరో ఆ దారిన తిరిగి ఉంటారు. 1910లో అక్కడ ఒక చిన్న బడి తెరుచుకుంది. అంటరానివారని ఊరికి దూరంగా ఉంచిన కుటుంబాల పిల్లలు పలక పట్టి తెలుగు అక్షరాలు దిద్దుకున్న బడి అది. దాన్ని పెట్టినవారు మాదరి భాగయ్య. లోకం ఆయన్ను భాగ్యరెడ్డి వర్మ పేరుతో ఎరుగును.

1888 మే 22న హైదరాబాదులో ఒక మాల కుటుంబంలో ఆయన జన్మించారు. తండ్రి వెంకయ్య, తల్లి రంగమాంబ. పేదరికం వల్ల చిన్ననాడే పట్నంలో ఒక బారిస్టరు ఇంట పనికి కుదిరి, ఆ నీడనే నాలుగు అక్షరాలు నేర్చుకున్నారు. ఇంటికి వచ్చిపోయే శైవ గురువు ఒకరు ఆయనకు భాగ్యరెడ్డి అని పేరు పెట్టారు. ఈ నేలకు మొదటి ఏలికలు మీవాళ్లే, రెడ్డి అంటే రేడు అన్నది ఆ గురువు వివరణ. పెద్ద మనిషిని కూడా పేరు చివర ‘గాడు’ చేర్చి పిలిచే రోజుల్లో ఈ మాట ఆ కుర్రవాడి మనసులో ఎంతగా నాటుకున్నదో ఆయన తర్వాతి జీవితమే చెబుతుంది.

1905లో అమెరికాలోని చికాగోలో పాల్ హారిస్ అనే వకీలు రోటరీ క్లబ్బును స్థాపించారు. సేవా క్లబ్బు అనగానే నేటికీ మనకు గుర్తుకు వచ్చేది అటువంటిదే. మరుసటి ఏడాదే, 1906లో, పద్దెనిమిదేళ్ల భాగ్యరెడ్డి హైదరాబాదులో జగన్మిత్ర మండలిని నెలకొల్పారు. చికాగోలో కూడినవారు వ్యాపారులు, వృత్తులవారు. ఇక్కడ సేవ అందవలసిన బస్తీలవారే సేవకు పూనుకున్నారు. తేడా అక్కడుంది.

చదువు రానివారికి కరపత్రం పంచితే ఏం లాభం? అందుకని మండలివారు భజనలు, హరికథలు పట్టుకుని బస్తీలకు వెళ్లారు. కథ వినేందుకు కూడిన జనానికి కల్లు, సారా మానమని, బాల్య వివాహాలు వద్దని, ఆడపిల్లలను దేవుడి పేరిట జోగినులుగా విడువవద్దని నచ్చజెప్పారు. 1911లో ఈ మండలి మాన్య సంఘంగా మారింది. అంటరానివారని ఎంచినవారు తమ సంఘానికి ‘మాన్య’ అని పేరు పెట్టుకోవడం ఆనాడు చిన్న సంగతి కాదు. బస్తీ తగాదాలు తీర్చేందుకు సొంత పంచాయతీలూ ఏర్పడ్డాయి. రోగాలు ప్రబలిన కాలంలో స్వస్తిక్ దళం పేరున ఆయన యువకులను కూడగట్టి సాయానికి పంపారు. ఆర్యసమాజంవారు ఆయన కృషిని మెచ్చి ‘వర్మ’ బిరుదు ఇచ్చారు.

బడుల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. నైజాం ఏలుబడిలో సర్కారు భాష ఉర్దూ. తెలుగు ఇంటి పిల్లవాడికి తెలుగులో చదువు దొరకడమే గగనం, అందులో ఈ పిల్లలను పక్కన కూర్చోనిచ్చేదెవరు? ఇసామియా బజారులో మొదలైన ఒక్క బడి రెండు దశాబ్దాలు దాటేసరికి సుమారు పాతిక అయింది. రెండు వేల పైచిలుకు పిల్లలు వాటిలో చదివారు.

1917 నవంబరులో బెజవాడలో ఆంధ్రదేశపు మొదటి పంచమ సభ జరిగింది. గూడూరు రామచంద్రరావు మొదలైనవారు దానికి పూనుకున్నారు. భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షులు. సభకు వచ్చినవారు కొండ ఎక్కి గుళ్లోకి వస్తారేమోనన్న భయంతో కనకదుర్గ ఆలయం తలుపులు మూసివేశారు. అధ్యక్షుడు అడిగినది గుడి తాళం కాదు. పంచములన్న మాట శాస్త్ర పురాణాల్లో ఎక్కడా లేదని, తాము ఈ నేల మీది తొలి మనుషులమని, ఆ పేరుతో సభ జరగరాదని వాదించారు. సభ ఒప్పుకుంది. పంచమ సభగా మొదలైనది ఆది ఆంధ్ర సభ అయింది. ఆ ఏడాది చివర కలకత్తాలో గాంధీగారు ఉన్న సభలోనూ వర్మ ప్రసంగించారు. 1922లో మద్రాసు ప్రభుత్వం తన కాగితాల్లో ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ పేర్లను అంగీకరించింది.

నైజాం రాష్ట్రంలో మాత్రం మరికొంత కాలం పట్టింది. మాన్య సంఘం ఆది హిందూ సోషల్ సర్వీస్ లీగ్‌గా మారి సర్కారుకు అర్జీలు పెడుతూ వచ్చింది. చివరకు 1931 జనాభా లెక్కల్లో వీరిని ఆది హిందువులుగా రాసుకున్నారు. బిరుదులకన్నా, సభల్లో పడిన పూలదండలకన్నా ఇదే ఆయన సాధించిన పెద్ద పని అని ఈ వ్యాసకర్త అభిప్రాయం. లెక్కలు రాసే ఉద్యోగి ఇంటి ముందు నిలబడి ఏమని పిలవాలో ఆ ఇంటివారే చెప్పగలిగారు.

అందరూ ఆయన వెంట ఒక్క తాటిన నడిచారని కాదు. అరిగె రామస్వామి వంటి తోటి నాయకులతో ఆయనకు విభేదాలు వచ్చాయి. మాల మాదిగల నడుమ ఉన్న ఎడం ఉద్యమంలోనూ కనిపించింది. ఆ చర్చ ఇప్పటికీ ముగియలేదు.

పల్లెల బాధ ఆయనకు తెలియనిది కాదు. దొరకు, పటేలుకు, వచ్చిపోయే అధికారికి కూలి లేకుండా మూటలు మోయడం, కబురు తీసుకుని పరుగెత్తడం మన ఊళ్లలో ముసలివారు చెప్పగా విన్నదే. తాను నడిపిన ‘భాగ్యనగర్’ పత్రికలో ఆయన ‘వెట్టి మాదిగ’ అనే కథ రాశారు. తెలుగులో తొలి దళిత కథల్లో ఒకటిగా నేడు దాన్ని లెక్కిస్తున్నారు. పేరులోనే వెట్టి ఉంది, మాదిగ ఉంది. రాసినది మాల ఇంట పుట్టినవాడు. పై విభేదాల సంగతి తలచుకునేవారు ఈ కథను కూడా తలచుకోవాలి.

చివరి రోజుల్లో ఆయన మనసు బౌద్ధం వైపు మళ్లింది. 1937లో హైదరాబాదులో బుద్ధ జయంతి జరిపించారు. 1939 ఫిబ్రవరి 18న కన్నుమూశారు. అప్పటికి ఆయనకు యాభై ఏళ్లు. హైదరాబాదు రాష్ట్రంలో నిజాం పాలన ముగియడానికి ఇంకా తొమ్మిదేళ్లుంది.