చెరువుకొక కాపరిని పెట్టిన కాకతి గణపతిదేవుడు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి వ్రాయమని కార్యవర్గం వారు అడిగినప్పుడు నాకు వెంటనే గుర్తుకు వచ్చినది కాకతి గణపతిదేవ చక్రవర్తి పేరు. నేను చరిత్రకారుణ్ణి కాను. చెరువుల మరమ్మతుల ఫైళ్లు నడిచే ఒక కార్యాలయంలో గుమాస్తాగా సర్వీసులో ఎక్కువ కాలం గడిపినవాణ్ణి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు చెరువులు నాకు ముందు ఎస్టిమేట్ల మీద పేర్లుగానే పరిచయం. ఆ పేర్ల వెనుక ఉన్న మనుషులెవరో రిటైరయిన తరువాత తీరికగా చదివి తెలుసుకున్నాను. పెద్దలు తప్పులుంటే మన్నించగలరు.

గణపతిదేవుని జీవితం చెరతో మొదలైందని చెప్పవచ్చు. పెదతండ్రి రుద్రదేవుడు, అంటే 1163లో హనుమకొండలో వేయిస్తంభాల గుడి కట్టించినవాడు, దేవగిరి యాదవులతో జరిగిన యుద్ధంలో మరణించాడు. ఆ తరువాత గద్దెనెక్కిన తండ్రి మహాదేవుడు కూడా యాదవులతో పోరులోనే కన్నుమూశాడు. యువకుడైన గణపతి శత్రువులకు బందీగా చిక్కాడు. ఓరుగల్లులో రాజు లేడు. ఇదే అదనని సామంతులు తల ఎగరవేశారు. అప్పుడు రాజ్యాన్ని నిలబెట్టినవాడు సేనాని రేచర్ల రుద్రుడు. తానే రాజునని ప్రకటించుకోగల అవకాశం ఉండి కూడా ఆ పని చేయక, యజమాని వచ్చేదాకా ఇల్లు కాచిన నమ్మినబంటులా రాజ్యాన్ని కాపాడాడు. యాదవ రాజు జైతుగి గణపతిని విడిచిపెట్టగా, 1199లో ఆయన సింహాసనం ఎక్కి 1262 వరకు, అరవై ఏళ్లకు పైగా పాలించాడు. ఒకరిని నమ్మి బాధ్యత అప్పగిస్తే ఆ పని నిలుస్తుందన్న పాఠం ఆయనకు తొలినాడే అందిందని నా అభిప్రాయం. ముందు ముందు చెరువుల విషయంలో చేసినదీ అదే.

చెరువుల మాటకు వచ్చే ముందు ఆ నేల సంగతి చెప్పాలి. జనగామ వైపు మెట్ట ప్రాంతం. చల్క నేల, అడుగున రాయి. వాన పడితే నీరు ఇంకేది తక్కువ, జారిపోయేది ఎక్కువ. కిందికి వస్తే ఆకేరు వర్ధన్నపేట, మరిపెడ వైపుల మీదుగా సాగుతుంది. పాకాల నుంచి పుట్టిన మున్నేరు దిగువన దానిని తనలో కలుపుకుంటుంది. అటు భూపాలపల్లి వైపు మోరంచ వంటి వాగులు, ఆపైన గోదావరి. కొద్ది రోజులు ఊళ్లను ముంచే నీరు మిగతా నెలల్లో గుక్కెడు దొరకదు. పైన కరువు, కింద వరద. ఈ రెండూ ఒకే రోగమని, మందు కూడా ఒకటేనని ఆనాటివారు గ్రహించారు. పడిన చోటనే నీటిని ఆపడం, ఆపగా మిగిలినదానిని మర్యాదగా కింది చెరువుకు సాగనంపడం.

గుట్టల నడుమ సందును చూసి దానికి అడ్డంగా కట్ట పోస్తే చాలు, మిగిలిన మూడు వైపులా గుట్టలే కట్టలవుతాయి. రామప్ప, లక్నవరం చెరువులు అలా వెలసినవే. తూము ద్వారా నీరు పొలానికి, మత్తడి దుంకిన నీరు కింది చెరువుకు. ఇలా ఒకదాని వెనుక ఒకటిగా ఉండే గొలుసుకట్టు చెరువుల గురించి మన పాఠకులలో పల్లెల నుంచి వచ్చినవారికి నేను చెప్పనక్కరలేదు.

గణపతిదేవుడు ఇవన్నీ తన చేతి మీదుగా కట్టించలేదు. ఆయన గొప్పతనం అక్కడే ఉంది. రాజ్యాన్ని కాపాడిన రేచర్ల రుద్రుడే 1213లో పాలంపేటలో రామప్ప గుడి కట్టించాడు, దాని దగ్గర చెరువు కూడా ఆయనదే. ఆ గుడికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. పాకాల చెరువు కట్టించినవాడు మంత్రి కుమారుడైన జగదాల ముమ్మడి. గణపతిదేవుని చెల్లెలు మైలాంబ ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలోని బయ్యారంలో చెరువు త్రవ్వించి 1219లో శాసనం వేయించింది. కాకతీయుల వంశంలో మూలపురుషుడు వెన్నడని, కాకతి అనే ఊరు ఏలినందున ఆ పేరు వచ్చిందని మనకు చెప్పినది ఆ చెరువు శాసనమే. ఒక మహావంశం పుట్టుపూర్వోత్తరాలు ఒక ఆడపడుచు చెరువు కట్ట మీద దొరకడం నాకు ఎప్పుడు తలచుకున్నా ఆశ్చర్యమే. భూపాలపల్లి జిల్లా గణపురంలోని గణపసముద్రం, కోటగుళ్లు కూడా ఆ కాలానివే. ఊరికి, చెరువుకు కూడా రాజు పేరే నిలిచింది.

తటాకాన్ని సప్తసంతానాలలో ఒకటిగా భావించిన కాలమది. కొడుకును కన్నట్టే చెరువును కనాలి. అయితే కన్నంత మాత్రాన చాలదు, పెంచాలి కదా! అందుకు దశబంధ మాన్యమనే ఏర్పాటు ఉండేది. చెరువు కట్టించి బాగోగులు చూసేవారికి దాని కింది భూమిలో పదోవంతు మేర మాన్యంగా దక్కేది. చెరువు నిండితేనే వారి గాదె నిండుతుంది. కనుక బుంగ పడితే ఎవరూ చెప్పకుండానే పరుగెత్తుతారు. తూము తీయడానికి, మత్తడి కనిపెట్టడానికి నీరడి ఉండేవాడు. రాజుకు లాభం లేకపోలేదు, చెరువు కింద పండిన పంటకు పన్ను వస్తుంది. ఆ లాభంలో రైతును, కాపరిని కూడా భాగస్వాములను చేయడమే ఆ ప్రణాళికలోని కీలకం.

తక్కిన జీవితం క్లుప్తంగా చెబుతాను. యుద్ధాలు ఎన్నో చేశాడు. తీరాంధ్రాన్ని తన ఏలుబడిలోకి తెచ్చాడు. దివిసీమ నాయకుని కుమార్తెలు నారాంబ, పేరాంబలను వివాహమాడి, వారి సోదరుడు జాయపను గజసేనకు అధిపతిని చేశాడు. ఆ జాయపే నృత్తరత్నావళి వ్రాసినవాడు. ఓరుగల్లు రాతికోట నిర్మాణం సాగించాడు. 1244లో మోటుపల్లిలో వేయించిన అభయ శాసనం ప్రత్యేకంగా చెప్పుకోదగినది. అంతకుముందు గాలివానకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును రాజులు స్వాధీనం చేసుకునేవారు. ఆ దుర్మార్గాన్ని మాన్పించి, ముప్పయ్యో వంతు సుంకం తప్ప మరేమీ తీసుకోనని వర్తకులకు మాట ఇచ్చాడు. తుఫానులో నష్టపోయినవాణ్ణి మళ్లీ దోచుకోకూడదన్న ఆ ధర్మం, వరద ప్రాంతాలకు ప్రణాళికలు వేసే ఏ ప్రభుత్వమైనా తలకెక్కించుకోవలసినది.

మగసంతానం లేకపోయినా అధైర్యపడక కుమార్తె రుద్రమను వారసురాలిగా తీర్చిదిద్దాడు. వృద్ధాప్యంలో నెల్లూరు సీమలోని ముత్తుకూరు వద్ద పాండ్యుల చేతిలో ఓటమి కూడా చవిచూశాడు. ఆ యుద్ధాల ఫలితాలు కాలగర్భంలో కలిశాయి. చెరువులు మిగిలాయి.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పక తప్పదు. ఇంతకాలం ఇంట్లో కూడా చెప్పలేదు. ఒక సంవత్సరం వేసవిలో ఓ చిన్న ఊరి నుంచి అర్జీ వచ్చింది. తూము పక్కన కట్టకు బుంగ పడిందని, మత్తడి కాలువలో పూడిక నిండిందని అందులో ఉంది. జతపరచవలసిన కాగితం ఒకటి లేదని నేను దానిని పక్కన పెట్టాను. రూలు ప్రకారం నాది తప్పు కాదు. ఆ ఊరికి ఒక పోస్టుకార్డు వ్రాసినా కాగితం వచ్చేది. వ్రాయలేదు. శ్రావణంలో కట్ట తెగింది. ప్రాణనష్టం లేదు గాని నాట్లు వేసిన మడులలో ఇసుక మేట వేసింది. అర్జీ పెట్టిన పెద్దమనిషే మళ్లీ వచ్చి, గండి ఎప్పుడు పూడుస్తారో చెప్పండి సారూ అని ప్రాధేయపడ్డాడు. మొదటి అర్జీ నా బల్ల సొరుగులోనే ఉందని ఆయనకు తెలియదు. ఆయనకు మంచినీళ్లు ఇప్పించాను గాని ముఖం చూడలేకపోయాను. ఆ చెరువు నిండకపోయినా నా జీతం ఆగదు. దశబంధం విలువ నాకు తెలిసివచ్చినది ఆ రోజు జ్ఞాపకం వల్లనే.

2016లో మన పాత వరంగల్ జిల్లా విడిపోయి ఈ మూడు జిల్లాలు ఏర్పడ్డాయి. 2023 జూలై 27న మోరంచ వాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగిపోయింది. 2024 సెప్టెంబరు 1న ఆకేరు పొంగి మరిపెడ మండలం సీతారాం తండాను ముంచింది. కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. చెరువులు బాగుంటే ఇవేవీ జరిగేవి కావని నేను అనను. అంత వానకు ఏ కట్టయినా వణుకుతుంది. కాని గొలుసులో పైచెరువు తెగితే ఆ నీరు కింది చెరువు మీద పడుతుందని, మత్తడి కాలువలో ఇల్లు కడితే నీరు ఇంట్లోకి వస్తుందని మాత్రం మనందరికీ తెలుసు.

ప్రయత్నాలు జరగలేదని కాదు. 1997లో నీటి వినియోగదారుల సంఘాలకు చట్టం వచ్చింది. 2015లో మిషన్ కాకతీయ పేరుతో 46 వేల పైచిలుకు చెరువుల పునరుద్ధరణ తలపెట్టారు. దేవాదుల పథకంతో గోదావరి నీరు ఎక్కి వచ్చి జనగామ జిల్లాలోని స్టేషన్ ఘన్‌పూర్ రిజర్వాయరును చేరింది. ఇవన్నీ హర్షించదగినవే. కాని పూడిక తీసిన చెరువును మరునాటి నుంచి ఎవరు చూసుకుంటారన్నదే ప్రశ్న. నీరడి అనే మాట మన మనుమలకు తెలియదు. కాపరి లేని చెరువు, ఎంత ఖర్చు పెట్టినా, వారసుడు లేని ఆస్తి వంటిదే.

కనుక పెన్షనరు మిత్రులకు నాదొక మనవి. ఏటా మృగశిర కార్తెకు ముందు ఒకసారి సొంత ఊరి చెరువు కట్ట మీద నడవండి. మనుమలను వెంట తీసుకువెళ్లండి. తూము, మత్తడి చూపించండి. బుంగ కనబడితే అర్జీ వ్రాయండి. అర్జీ ఎలా వ్రాయాలో, ఏ కాగితం జతచేయాలో, ఏ బల్ల దగ్గర అది ఆగిపోతుందో మనకంటే బాగా తెలిసినవారు ఎవరున్నారు? పోయిన ఏడు నేను రెండు వ్రాశాను. ఒకదానికి పని జరిగింది. రెండోదాని కోసం ఇప్పటికీ తిరుగుతున్నాను.