పునీత ఫిలిప్పు నేరి

భక్తుడనగా ముఖము ముడుచుకొని యుండువాడని పలువురు తలంతురు. ఆ తలంపు సరికాదని తన జీవితముచే చూపిన మహనీయుడు ఫిలిప్పు నేరి. ఆయన 1515వ సంవత్సరము జూలై 21వ తేదీన ఇటలీ దేశమందలి ఫ్లారెన్సు నగరమున జన్మించెను. తండ్రి దస్తావేజులు వ్రాయు వృత్తిలో నుండెను. బాలుని మంచితనమును చూచి అందరును వానిని మంచి పిప్పో యని ముద్దుగా పిలుచుచుండిరి.

పదునెనిమిదవ యేట ఫిలిప్పును వర్తకుడైన బంధువు నొద్దకు పంపిరి. ఆ బంధువునకు సంతానము లేదు. ఆస్తి ఫిలిప్పునకే దక్కవలసి యుండెను. కాని అతని మనసు ధనమందు నిలువలేదు. అన్నియు విడిచి రోము నగరము చేరి, ఒక గృహస్థుని పిల్లలకు చదువు చెప్పుచు, రొట్టెతోను నీటితోను కాలము గడపెను.

ఆ కాలమున రోమునకు దూరదేశములనుండి యాత్రికులు కాలినడకను వచ్చుచుండిరి. బాసర, ధర్మపురి, వేములవాడ క్షేత్రములకు పోవు బీద యాత్రికునకు తలదాచుకొన చోటు, పిడికెడన్నము ఎంత యవసరమో మన మెరుగుదుము. అక్కడను అట్లే. 1548లో ఫిలిప్పు మిత్రులతో ఒక సంఘమును స్థాపించి, యాత్రికులకు అన్నము పెట్టి, పాదములు కడిగి, రోగులకు ఉపచారము చేసెను. 1551లో గురుపట్టము పొందెను.

కొన్నియేండ్లకు, భారతదేశమునుండి వచ్చిన మతప్రచారకుల లేఖలు చదివి, తానును ఈ దేశమునకు రావలెనని ఆయన ఉబలాటపడెను. ఒక సన్యాసిని సలహా యడుగగా, నీ భారతదేశము రోమే యని యాతడు చెప్పెను. ఫిలిప్పు ఆ మాట శిరసావహించి అక్కడనే నిలిచెను.

రోములో పనిలేక తిరుగు యువకులు పెక్కురు. ఫిలిప్పు వారిని గద్దింపక, పరిహాసములాడి, చేరదీసి, తన గదిలో సద్గోష్ఠి నడపెను. పండుగదినములలో వారిని వెంటబెట్టుకొని పాటలతో ఏడు దేవాలయములు దర్శించి, నడుమ తోటలో భుజించెడివాడు. పిల్లల అల్లరిని ఎవరో ఆక్షేపింపగా, వారు పాపము చేయకున్న చాలును, నా వీపుపై కట్టెలు కొట్టుకొన్నను సహింతునని నవ్వెనట.

ఈ కొత్త పద్ధతి పెద్దలకు అనుమానము కలిగించెను. 1559లో పోపుగారి ప్రతినిధి ఆయనను పిలిపించి మందలించి, పాపసంకీర్తనములు వినరాదని కొంతకాలము నిషేధించెను. ఫిలిప్పు వాదింపలేదు, కోపగింపలేదు, ఆజ్ఞను పాలించెను. పిమ్మట అనుమానము తొలగిపోయెను.

కీర్తి పెరిగినకొలది ఆయనకు పొగడ్తలన్న భయము పట్టుకొనెను. దానికి మందు హాస్యమే. ఒకమారు గడ్డము సగము గొరిగించుకొని వీధిలోనికి వచ్చెనందురు. మహాత్ముని దర్శింప వచ్చిన పోలెండు ప్రముఖుల యెదుట హాస్యకథల పుస్తకము చదివించెనట. శిష్యుడగు బరోనియసు గొప్ప పండితుడు. అతనికి విద్యాగర్వము కలుగకుండుటకై, పెద్ద కూజా నిచ్చి, రవ్వంత ద్రాక్షారసము కొని తెమ్మని పంపెడివాడు. అంగడివాని చీవాట్లు పండితునకు పాఠములయ్యెను.

1575లో పోపు పదమూడవ గ్రెగరీ ఓరేటరీ యను ఆయన సంఘమును ఆమోదించెను. 1595 మే 26వ తేదీన ఫిలిప్పు కన్నుమూసెను. 1622లో ఆయనను పునీతునిగా ప్రకటించిరి. భారతదేశమున సేవచేసిన ఫ్రాన్సిసు జేవియరునకును ఆనాడే ఆ గౌరవము లభించెను.

బాలలారా! ఎదుటివానిని చిన్నబుచ్చు నవ్వు సులభము. ఫిలిప్పు నవ్వు మొదట తన గర్వమును అణచెను. పిదప ఇతరులను దరిచేర్చెను. అట్టి నవ్వు సుగుణములలో నొకటి.